చిన్నప్ప ఉపదేశి సమాధి మీద గొడ్డలి

నేను ఎర్రుపాలెం దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. తీరిక దొరికితే పునీతుల జీవితాలు రాస్తాను. పేరు మోసిన పునీతుల జోలికి పోను. వాళ్లకు గుళ్లున్నాయి, పండుగలున్నాయి, పాటలున్నాయి, నేను కొత్తగా చేసేదేమీ లేదు. నాకు కావలసింది ఎవరూ పట్టించుకోని వాళ్లు. తనను చంపడానికి వచ్చిన సైనికులకు అన్నం పెట్టి పడుకోబెట్టి, తెల్లారేలోగా తన గొయ్యి తానే తవ్వుకున్న తోటమాలి, అప్పగించమన్న గ్రంథాలను దాచిపెట్టి మంటల్లోకి నడిచిన అక్కచెల్లెళ్లు, అలాంటి వాళ్లు. అలా ముప్పై మంది అయ్యాక పుస్తకం వేద్దామనుకున్నాను. ముప్పై ఒకటో మనిషి మన జిల్లావాడే ఉండాలని పట్టుబట్టాను. గోదావరి అవతల అడవిలో, స్వాతంత్ర్యానికి ముందు, జపాలు నేర్పడానికి ఒక కోయగూడెం వెళ్లి అక్కడే చనిపోయిన చిన్నప్ప అనే ఉపదేశి దొరికాడు. అక్కడి చర్చివాళ్లు అచ్చువేసిన చిన్న కరపత్రం ముందు పెట్టుకుని, ఇంట్లో ఫ్యాను కింద కూర్చునే ఆయన పేజీ రాసేశాను. 2007 నవంబరులో ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చాయి. మిగతా ముప్పై మందీ వేల మైళ్ల అవతల, వందల ఏళ్ల వెనక ఉన్నారు కాబట్టి సరే, బస్సెక్కితే చేరగలిగే మనిషి సమాధిని కూడా చూడకుండా రాశానే అని సిగ్గేసింది. కనీసం ఒక ఫోటో అయినా తెద్దామని శనివారం బడికి సెలవు పెట్టి బయల్దేరాను.

ఖమ్మం బస్టాండులో ఉదయం ఐదున్నరకు భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఉంది. టికెట్ యాభై ఎనిమిది రూపాయలు. కొత్తగూడెం దాకా బాగానే పోయింది, తర్వాత బొగ్గు లారీల వెనక పాకుతూ తొమ్మిదిన్నరకు గోదావరి వంతెన దాటాం. ఎడమ వైపు కిటికీ సీటు దొరికితే వదలకండి, ఎండ పడదు. బస్టాండు ఎదుట నాలుగు ఇడ్లీలు తిని, దుమ్ముగూడెం వైపు వెళ్లే షేరు ఆటో ఎక్కాను. పర్ణశాల వెళ్లే భక్తులు ఐదుగురు, నేను, రెండు మిరప నారు మోపులు. డ్రైవరుకు ఊరి పేరు చెప్తే అర్థం కాలేదు. చిన్నప్ప ఉపదేశి గుడి అన్నా అర్థం కాలేదు. చివరికి, "గొడ్డలి గుడా? గట్ల చెప్పరాదు మేడం" అన్నాడు. ఇరవై రూపాయలు తీసుకుని గంటలో చర్చి ముందు దింపాడు.

చర్చి చిన్నది, సున్నం కొత్తగా వేశారు. విచారణ గురువులు, అంటే ఆ చర్చి ఫాదర్, వేరే ఊళ్లో పూజ చెప్పడానికి వెళ్లారట, మధ్యాహ్నానికి వస్తారని వంటమనిషి మరియమ్మ చెప్పింది. ఆమే నన్ను లోపలికి తీసుకెళ్లింది. పీఠానికి పక్కన గోడకు ఒక అద్దాల పెట్టె ఉంది. అందులో తుప్పు పట్టిన గొడ్డలి ఉంది. చెక్క పిడి మీద మూడు గాట్లు, ఇంటివాళ్లు పెట్టుకున్న గుర్తు. కింద ఎర్ర అక్షరాలతో "మన వేదసాక్షిని బలిగొన్న ఆయుధం" అని రాశారు. వేదసాక్షి అంటే విశ్వాసం కోసం చంపబడినవాడు. నేను కూడా నా పేజీలో దాదాపు అదే రాశాను. మోకరిల్లి దండం పెట్టుకున్నాను, దాచడమెందుకు.

ఏటా డిసెంబరు మొదటి ఆదివారం ఉపదేశి పండుగ చేస్తారని, హాస్టల్ పిల్లలు నాటకం వేస్తారని మరియమ్మ చెప్పింది. నరికేవాడి వేషానికి అసలు పేరే పెడతారట, కుర్సం బుచ్చయ్య అని. జనం ఆ వేషగాడి మీద మట్టి విసురుతారట. బుచ్చయ్యది అవతలి గూడెమేనని, ఆ ఇంటివాళ్లు ఇంకా ఉన్నారని కూడా ఆమే చెప్పింది. సమాధి కూడా అక్కడే ఉందట. ఆమె నాకు టీ ఇచ్చి, "కుర్సమోల్ల ఇంటి దిక్కు పోకు టీచరమ్మా. మన గుడోల్లంటే వాల్లకు పడదు" అంది. నాకు ఒకటి వద్దంటే అదే చేసే గుణం ఉంది. బడిలో పిల్లల్ని ఇదే గుణానికి తిడుతుంటాను.

చర్చి నుంచి గూడెం మూడు కిలోమీటర్లు. సగం దూరం మిరప చేల మధ్య, సగం టేకు చెట్ల మధ్య. నీళ్ల సీసా తప్ప బరువు పెట్టుకోకండి, మధ్యలో వాగు దాటాలి. నవంబరులో మోకాళ్ల లోతు ఉంది. వాగు దాటగానే ఎడమ వైపు రాళ్ల కుప్ప, దాని మీద చర్చివాళ్లు పాతిన ఇనప సిలువ కనిపించాయి. అదే సమాధి. ఊరికి ఇంత దూరంగా, ఒంటరిగా పాతిపెట్టారంటే ఎంత కక్ష ఉండాలి అనుకుంటూ రెండు ఫోటోలు తీశాను. వచ్చిన పని అయిపోయింది, తిరిగి వెళ్లిపోవచ్చు. కానీ గూడెంలో అడుగుపెడితే కుర్సం వారి ఇల్లు మొదటిదే.

వాకిట్లో ఒక అవ్వ చేటతో వడ్లు చెరుగుతోంది. డెబ్బై ఐదేళ్లుంటాయి. ముఖమంతా మశూచి మచ్చలు. పక్కన పద్నాలుగేళ్ల అమ్మాయి కూర్చుని ఉంది, పేరు నాగమణి, అవ్వ తమ్ముడి మనుమరాలు. భర్త పోయాక అవ్వ పుట్టింటికే వచ్చి ఉంటోందట. తొమ్మిదో తరగతి పిల్ల శనివారం పూట ఇంట్లో ఉందేమని టీచరు బుద్ధి పోనిచ్చుకోక అడిగాను. చర్చి హాస్టల్లో ఉండేదట. నాటకం రిహార్సల్స్ మొదలుకాగానే పిల్లలు ఆమెను ఇంటిపేరు పెట్టి పిలవడం, తలమీద మట్టి పోయడం మొదలుపెట్టారట. మూడు వారాల కిందట పెట్టె సర్దుకుని వచ్చేసింది. ఇదంతా ఆమె నేల చూస్తూ చెప్పింది.

నేను ఎవరో, ఎందుకొచ్చానో దాచలేదు. అవ్వ చేట పక్కన పెట్టి, "మా గురించి ఏం రాసినవో చదువు" అంది. సంచిలో ప్రూఫు ఉంది. తప్పించుకునే దారి లేక చదివాను. కుర్సం బుచ్చయ్య గొడ్డలితో నరికాడనే వాక్యాన్ని కూడా దాటవేయలేదు. అవ్వ చివరిదాకా విన్నది. బుచ్చయ్య ఆమె తండ్రి.

"నరికిన గొడ్డలి గాదది బిడ్డా" అంది. "నాకు నీళ్లు కాయనీకె కట్టెలు కొట్టిన గొడ్డలి."

ఆ తర్వాత ఆమె చెప్పింది కొంత తెలుగులో, కొంత కోయలో. కోయ మాటలను నాగమణి తెలుగులో చెప్పింది. ఆ ఏడు గూడేనికి అమ్మవారు పోసింది. బాగున్నవాళ్లు అడవిలోకి పోయి గుడిసెలు వేసుకున్నారు. లేవలేనివాళ్లు ఇళ్లలో ఉండిపోయారు. ఆరేడేళ్ల అవ్వ, ఆమె తల్లి, ఇంకా పదిమంది దాకా. జపాలు చెప్పడానికి వచ్చిన చిన్నప్ప వెనక్కి వెళ్లలేదు. బుచ్చయ్య దగ్గర గొడ్డలి అడిగి తీసుకుని, ఇల్లిల్లూ తిరిగి కట్టెలు కొట్టి, నీళ్లు కాచి, జావ పోశాడు. జపం ఒక్కటి కూడా చెప్పలేదని అవ్వ నవ్వుతూ అంది, తీరిక ఎక్కడిది. నెల తిరగకుండా ఆయనకే పోసింది. అమ్మవారు పోసి చనిపోయినవాళ్లను ఈ గూడెంలో కాల్చరు, వాగు దగ్గర పాతిపెడతారు. బుచ్చయ్య ఒక్కడే మోసుకెళ్లి పాతిపెట్టాడు. చనిపోయిన మనిషి చివరిదాకా వాడిన పనిముట్టును తిరిగి ఇంటికి తెచ్చుకోరు, అది ఆ మనిషిదే. అందుకని గొడ్డలిని మట్టి మీదే పెట్టి వచ్చాడు.

కొన్ని రోజులకు అప్పటి తెల్లదొర గురువు ఉపదేశిని వెతుక్కుంటూ వచ్చాడు. దారికి అడ్డంగా వేపమండలు కట్టి ఉన్నాయి. రోగం సోకుతుందని మగవాళ్లు కర్రలు పట్టుకుని లోపలికి రానివ్వలేదు. ఆయనకు అది వేరే రకంగా కనిపించింది. వాగు దగ్గర కొత్త మట్టి, మట్టి మీద గొడ్డలి.

"గొడ్డలి ఎవరిదని అడిగిండు దొర" అంది అవ్వ. "మా అయ్య నాదే అన్నడు. ఆయనదే మరి. ఇంకేమంటడు?"

అదే నేరం ఒప్పుకోలు అయింది. పోలీసులు వచ్చి తీసుకెళ్లారు. రెండు పంటలు గడిచాక సాక్ష్యం లేదని వదిలేశారు. కానీ చర్చి వదల్లేదు. నా పుస్తకం వస్తే జిల్లాలో ప్రతి చర్చిలోనూ అమ్ముతారు. అంటే ఇంతకాలం ఒక వాగు దగ్గర ఉన్న మాటను నేను ఖమ్మం దాకా మోసుకుపోతున్నాను. నాకు నిజంగా ఒళ్లు మండింది, ఎవరి మీదో కాదు, ఇంట్లో కూర్చుని ఒక మనిషిని హంతకుడని రాసేసిన నా మీద. ఆ పేరు కొట్టేస్తానని పెన్ను తీశాను.

అవ్వ వద్దంది. "పేరు తీయకు. పేరు తీస్తే ఇంకో ఇంటి మీద పడుతది. నరికిన మాట తీయ్" అంది.

ఆమె ఎదురుగానే ఆ వాక్యం కొట్టేసి, గొడ్డలి ఇచ్చినవాడు, సమాధి చేసినవాడు కుర్సం బుచ్చయ్య అని రాసి చదివి వినిపించాను. అవ్వ తల ఊపి మళ్లీ చేట అందుకుంది. నాగమణి మాత్రం, పుస్తకం మారిస్తే నాటకం కూడా మారుతుందా అని అడిగింది. నాకు తెలియదన్నాను. ఫాదర్‌ని అడుగుదాం, వస్తావా అన్నాను. అవ్వ వెళ్లమంది.

మేము చర్చికి చేరేసరికి రెండున్నర. నాగమణి గేటు బయటే ఆగిపోయింది. ఫాదర్ చిన్న వయసువారు, కృష్ణా జిల్లా నుంచి వచ్చి రెండేళ్లయిందట. నేను చెప్పిందంతా ఓపికగా విన్నారు. తర్వాత, నరకకపోతే ఆయన వేదసాక్షి ఎలా అవుతారు టీచరుగారూ, ఊరు ఊరంతా పండుగ చేసుకుంటోంది, నేనేం చెప్పను అన్నారు. నా ముప్పై మంది అక్కరకొచ్చారు. అలెగ్జాండ్రియాలో తెగులు వచ్చినప్పుడు, అందరూ వదిలేసిన రోగులకు సేవ చేస్తూ చనిపోయినవాళ్లను తొలి క్రైస్తవులు వేదసాక్షులతో సమానంగా స్మరించుకున్నారని, వాళ్లలో చాలామందికి పేర్లు కూడా లేవని చెప్పాను. అదంతా బాగానే ఉంది గానీ, అవ్వ మాట ఒక్కటే కదా, ఆధారం ఏముంది అన్నారు. మీ ఆధారం మాత్రం ఏముంది ఫాదర్, గొడ్డలి నాదే అని బుచ్చయ్య అన్న ఒక్క మాటే కదా అన్నాను. కాస్త గట్టిగానే అన్నాననుకుంటా, మరియమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

అప్పుడు నాగమణి లోపలికి వచ్చింది. ఫాదర్ వైపు కాకుండా నా వైపు చూస్తూ మాట్లాడింది. కొత్త వడ్లు ఇంటికొచ్చాక కొత్తల పండుగ చేస్తారట. ముందు చనిపోయిన పెద్దలను ఇంటిపేరుతో పిలిచి పెట్టి, ఆ తర్వాతే బతికున్నవాళ్లు తింటారు.

"జైలు నుంచి వచ్చినంక మా ముత్తాత కూసోకముందే అడిగిండట, ఉపదేశికి కొత్తలు పెట్టిండ్రా అని. ఆయన ఇంటిపేరు తెల్వదు, ఎట్ల పిలవాలె అన్నరట ఇంట్ల. మన పేరే పెట్టుండ్రి అన్నడట. గప్పటి నుంచి ఏటా పెడుతున్నం. మా తాతలతోని కలిపి, కుర్సం చిన్నప్ప అని పిలుస్తం."

ఫాదర్ కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే నేను కూడా కొంగు వెతుక్కున్నాను. మూడుంపావుకు ఆటో హారన్ కొట్టింది.

ఇది జరిగి మూడు నెలలు. ఆ డిసెంబరులో నాటకం వేయలేదు. పెద్దలు కొందరు ఫాదర్ మీద అలిగారని, పండుగకు జనం తగ్గారని మరియమ్మ ఫోనులో చెప్పింది. అద్దాల పెట్టె గోడకే ఉంది, ఎర్ర అక్షరాలు మాత్రం చెరిపేశారు. నాగమణి ఆ హాస్టల్‌కు తిరిగి రాలేదు, సర్కారు ఆశ్రమ పాఠశాలలో చేరింది. ఆమెను నేను తప్పు పట్టలేను. చంపినవాళ్లను క్షమించిన పునీతుల గురించి నేను పేజీలకు పేజీలు రాశాను. చేయని హత్యను మోస్తూ, ఆ మోత తెచ్చిపెట్టిన మనిషినే తమ తాతల పక్కన కూర్చోబెట్టి, తమకన్నా ముందు అన్నం పెట్టిన ఇంటి గురించి ఒక్క వాక్యం కూడా రాయలేదు. పుస్తకంలో ముప్పై ఒకటో పేజీని తిరగరాశాను. శీర్షిక "కుర్సం చిన్నప్ప".

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక సూచన. భద్రాచలం నుంచి వస్తే చర్చే ముందు తగులుతుంది, ఆటో కూడా అక్కడే ఆపుతారు. లోపలికి వెళ్లకండి. ముందు వాగు దాటి గూడెం వెళ్లి, కుర్సం వారింట్లో కాసేపు కూర్చోండి. చర్చికి తిరుగు ప్రయాణంలో చాలినంత సమయం ఉంటుంది, చివరి ఆటో ఐదింటికి.