కుడి పక్క తీగ

మా వీధి మేస్త్రీ తాత పోయాడు. ఒక సోమవారం పొద్దున ఆయన కూతురు మా గేటు దగ్గర నిలబడి, "బాపు పోయిండక్కా" అంది. నేను కాలేజీకి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటున్నాను. డిజైన్ చదివే పిల్లలకు అలంకారాల చరిత్ర చెప్పడం నా ఉద్యోగం. నా ఖర్మ కాకపోతే, ఆరోజు చెప్పాల్సిన పాఠం కూడా గోడల మీది పూలతీగలే.

తాత గచ్చు మేస్త్రీ. పాతబస్తీ ఇళ్ల కమానుల మీద సున్నంతో తీగలు, పూలు, చిలకలు తీర్చేవాడు. అచ్చులు ముట్టేవాడు కాదు. మెత్తగా నూరిన సున్నంలో బెల్లం నీళ్లూ, మినుములు నానేసిన జిగురూ కలిపి, చెంచా అంత తాపీతో గోడ మీదే ఆకును లేపేవాడట. "లేపేవాడట" అంటున్నాను, ఎందుకంటే మేం ఈ వీధికి వచ్చేసరికే ఆ పని అడిగేవాళ్లు లేరు. నేను చూసిన తాత బాత్రూముల్లో టైల్స్ అతికించేవాడు. పూలు అచ్చేసిన టైల్స్. "ఒక్కటే పువ్వు, గోడ నిండ గదే. గా పువ్వుకు యాష్టకొస్తలేదా?" అని సణుక్కుంటూ అతికించేవాడు.

మా నాన్నకు బదిలీ అయి గుంటూరు వైపు నుంచి పాతబస్తీలోని ఈ జహనుమాకు వచ్చినప్పుడు నాకు పదేళ్లు. మా మాట తాతకు పెద్ద వినోదం. "ఏందే బిడ్డా, పాట పాడినట్టు మాట్లాడుతవ్?" అని ఆటపట్టించేవాడు. తర్వాత నేను పెద్ద చదువు చదివి ఆయనకే పాఠం చెప్పబోయాను. ఈ తామర ఈజిప్టుది, ఈ ఆకు గ్రీకులది, ఈ తీగ ఇరాన్ మీదుగా మన దాకా వచ్చింది అని ఫోన్లో బొమ్మలు చూపించాను. ఓపిగ్గా అన్నీ చూశాడు. "అవ్ గని బిడ్డా, గది ఏడికెల్లొచ్చిందో నాకెర్కలే. మా ఉస్తాద్ చేతులకెల్లి నా చేతులకొచ్చింది. నా చేతులకెల్లి ఏడికి బోతది? గది చెప్పు ముందుగాల" అన్నాడు.

కమాను గురించి ఆయనకు ఒక నియమం ఉండేది. "కమాను ఇద్దరు చెయ్యాలె. ఒకలు ఎడమ పక్క, ఒకలు కుడి పక్క. కిందికెల్లి మొదలువెట్టి నడిమి పువ్వు కాడ కలుసుకోవాలె. ఆకుల లెక్క ఒక్కటే ఉండాలె, చెయ్యి ఒక్కటి ఉండొద్దు. అద్దంల సూసినట్టుంటే గది కమాను గాదు." నాకు ఎంత నచ్చిందంటే, నోట్‌బుక్కులో రాసుకుని క్లాసులో కూడా చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆయన చేసిన కమానుల్లో చివరికి ఒక్కటే మిగిలింది. ఉస్మాన్‌గంజ్‌లో ఒక బెల్లం సేటు ఇంటి వాకిలి మీద. ఆ ఇల్లు పడగొడుతున్నారని తెలిసి తాత మా ఇంటికొచ్చాడు. మోకాళ్లు పట్టేసి ఏళ్లుగా గడప దాటని మనిషి, గోడ పట్టుకుని మూడిళ్లు నడిచొచ్చాడు. "గది బోతే ఇంకేం లేదు బిడ్డా. కాయితం మీదికి దించు. కుడి పక్క మర్వకు" అన్నాడు.

టేపూ గ్రాఫు కాగితాలూ పట్టుకుని రెండు రోజులు వెళ్లాను. ఎడమ పక్క ఆకు ఆకూ కొలిచాను. కుడి పక్కను మాత్రం కింది దుకాణం వాళ్ల ఫ్లెక్సీ మూసేసింది. "ఆదివారం రండి మేడం, విప్పిస్త" అన్నాడు దుకాణదారు. ఆదివారం నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను. ఎలాగూ రెండు పక్కలా అదే తీగ కదా అనుకుని, ఎడమ సగాన్ని కంప్యూటర్‌లో తిప్పి కుడి పక్కన పెట్టాను. నిమిషం పట్టలేదు.

"కుడి పక్క గూడ దించినవా?" అని అడిగాడు తాత.

"ఆ, దించాను" అన్నాను.

పెద్ద షీటు మీద ప్రింటు తీయించి తీసుకెళ్లాను. ఆయన అద్దాలు పెట్టుకుని, ఎడమ పక్క అడుగునున్న ఆకు మీద వేలు పెట్టి, తీగ వెంట పైకి వెళ్లాడు. నడిమి పువ్వు దాటాడు. కుడి పక్క దిగుతూ మూడో ఆకు దగ్గర వేలు ఆగిపోయింది.

"గిది నా చెయ్యే." ఇంకో ఆకు చూశాడు. "గిది గూడ నాదే." తలెత్తి నా మొహంలోకి చూశాడు. "బిడ్డా, మీ అవ్వది ఏది?"

అవ్వంటే ఆయన భార్య. నేను ఇంటర్‌లో ఉండగా పోయింది. సున్నం నూరి తట్టలో పైకి అందిస్తుందనే అందరికీ తెలుసు. బెల్లం సేటు ఇంటి పనిలో తోటి మేస్త్రీ మధ్యలో మానేస్తే కుడి పక్క మొత్తం ఆమే చేసిందట. వాకిలి మీద ఆడమనిషి ఎక్కి కూర్చుంటే సేటు ఒప్పుకోడని, ఎక్కి పనిచేసే కర్రల గోవకు ఆ పక్కన పరదా కట్టారట. పరదా వెనక ఎవరో మేస్త్రీ ఉన్నాడనే సేటు చివరిదాకా అనుకున్నాడు. "ఆమె ఆకులు జర వంగుతయ్, వాన వడ్డంక వంగినట్టు" అన్నాడు తాత. ఆమె మళ్లీ ఏ కమానూ చేయలేదు. అప్పుడు పరదా, ఇప్పుడు ఫ్లెక్సీ. ఆ ఫ్లెక్సీ విప్పించడానికి నాకు ఒక్క ఆదివారం దొరకలేదు!

ఆ మర్నాడే ఆయన్ని ఆటోలో ఉస్మాన్‌గంజ్ తీసుకెళ్లాను. వాకిలి లేదు. ఇటుకల కుప్ప ఉంది, దాని మీద ఆ ఫ్లెక్సీ పడి ఉంది. ముక్కలేమైనా దొరుకుతాయేమో వెతుకుదామన్నాను. "సున్నం బిడ్డా. వడితే సున్నమే. పా, ఇంటికి పోదాం" అన్నాడు.

తర్వాత ఆమె తీగను గుర్తున్నంత వరకు గీయమని కాగితం, పెన్సిలు ఇచ్చాను. నాలుగైదు సార్లు గీశాడు. ప్రతిసారీ తనే కొట్టేశాడు. "ఎంత గీసినా నా చెయ్యే వస్తున్నది" అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. పైగా వెళ్లినప్పుడల్లా చాయ్ తాగకుండా లేవనిచ్చేవాడు కాదు.

నేనిచ్చిన షీటును ఆయన పారేయలేదు. నడిమికి మడిచి, కుడి సగం వెనక్కి పోయేలా గోడకు కొట్టాడు. దాని కుడి పక్కన అంత మేర గోడ ఖాళీగా వదిలాడు. కూతురు అక్కడ క్యాలెండర్ తగిలించబోతే, "గాడ వద్దు, గది మీ అమ్మ జాగ" అని తీయించాడు. రెండేళ్లు ఆ జాగా అలాగే ఉంది.

పదకొండో రోజు వెళ్లాను. తాత ఫొటో పెద్దది చేయించి దండ వేశారు. ఇరుకు గది, గోడల నిండా సామాన్లు. ఫొటో పట్టుకుని కూతురు అటూ ఇటూ చూసింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి, ఏం గుర్తుంటుంది పాపం. ఖాళీగా కనిపించిన చోట మేకు కొట్టి ఫొటో తగిలించింది.

"సక్కగున్నదా అక్కా?" అని అడిగింది.

ఎడమ పక్క ఆయన తీగ. కుడి పక్క ఆయన ఫొటో.

"ఆ, ఉంది" అన్నాను.