ఒడ్డు చేప

ఈమధ్య మా ఊరి సముద్రపు గోడ మీదకి కొత్త జంటలు వస్తున్నారు. పెళ్లికి ముందే ఫొటోలట. నిన్న ఒక పెళ్లికూతురు ఎర్ర గౌను ఎగరేసుకుంటూ గోడెక్కి, "మీరెంత లక్కీ ఆంటీ, ఇంటి ముందే సముద్రం!" అంది. పాపం, ఆ పిల్లదేం తప్పు? నవ్వాను గానీ, ఈ గోడ కట్టిన కొత్తలో మా అన్నయ్య అన్న మాట గుర్తొచ్చింది.

నేను ఈ ఊరి కోడలిని. ఇక్కడి అంగన్‌వాడీలో పిల్లలకి అక్షరాలు దిద్దించాను. మా కన్నవారి ఊరు ఇక్కడికి ఉత్తరాన, ఒడ్డు వెంట పొద్దున్నే నడక మొదలుపెడితే ఎండెక్కకముందే చేరే దూరం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో సముద్రం ఏటా మా వీధిలోకి తొంగిచూసేది. ఒక తుఫానుకి వంటిల్లే పట్టుకుపోయింది. మా అత్త వంటింటి కోసం కాదు, రోలు కోసం ఏడ్చింది, అది ఆవిడ పుట్టింటిదట. అందుకే గోడ కట్టినప్పుడు మా సంబరం అంతా ఇంతా కాదు. కాంక్రీటు ఆరీ ఆరకముందే అత్త దానికి పసుపు రాసి బొట్లు పెట్టింది. మా అన్నయ్యనీ వదిననీ పిలిచి భోజనాలు పెట్టాం. అన్నయ్య గోడని అరచేత్తో తట్టి, "ఇంక నువ్వు నిద్దరపోవచ్చే సెల్లీ" అన్నాడు.

ఆ తర్వాతి వానాకాలాల్లో తెలిసింది అసలు సంగతి. మా తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. మా దగ్గర కోసుకుపోయిన ఇసుకే మా కన్నవారి ఒడ్డుని నింపేది. గోడ కట్టాక ఇక్కడ కోత ఆగింది, అక్కడ మొదలైంది. ముందు చేపలు ఆరబెట్టే చోటు పోయింది, తర్వాత సరుగుడు తోట, చివరికి పడవ ఎక్కించడానికి ఒడ్డే లేకుండా పోయింది. ఒడ్డు లేనివాడికి పడవ ఉన్నా లేనట్టే. తమకూ గోడ కావాలని వాళ్లు తిరగని ఆఫీసు లేదు.

అన్నయ్య వచ్చి తన పడవ మా ఒడ్డున పెట్టుకోనివ్వమని మా ఊరి పెద్దల్ని అడిగాడు. మా దగ్గరా గోడ ముందు ఇసుక పల్చబడి, పడవల కోసం వదిలిన సందులోనే కాస్త మిగిలింది. పెద్దలు కాదనలేదు, పాత కట్టుబాటు గుర్తు చేశారు. పై ఊరి పడవ అందరి తర్వాతే ఒడ్డెక్కాలి. ఎక్కిన ప్రతిసారీ వలలో పడ్డ మంచి చేప ఒకటి ఒడ్డు చేపగా ఇవ్వాలి, అది వంతులవారీగా ఇంటింటికీ వెళ్తుంది. ఎప్పుడో తుఫానుకి దారితప్పి వచ్చే పడవల కోసం పెట్టిన మాట అది. సొంత బావమరుదుల చేత రోజూ ఇప్పిస్తారని పెట్టినవాళ్లు అనుకుని ఉండరు. మా ఆయన లేచి ఒక్క మాట అంటారని చూశాను. ఆయన కాలి గోళ్లు చూసుకుంటూ కూర్చున్నారు.

మా ఇంటి వంతు వచ్చింది. అన్నయ్య చందువ చేపని చేత పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. ఎప్పుడొచ్చినా "ఏటే, ఏటొండేవు?" అంటూ నేరుగా వంటింట్లోకి నడిచి గిన్నెల మూతలు తీసే మనిషి. లోపలికి రమ్మన్నాను. "ఒద్దులే సెల్లీ. ఇయ్యాల సుట్టంగా రాలేదు, ఒడ్డు సేప ఇద్దారని వొచ్చినాను" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. వెనక నుంచి మా అత్త, "ఎంత బాగున్నాదో సేప! పులుసెట్టవే" అంది. అన్న చెల్లెలింటికి సారె తేవాలి గానీ కప్పం తెస్తాడా? సిగ్గుతో నా మొహం మండిపోయింది. అయినా చెయ్యి చాపి అందుకున్నాను. అందుకోకపోతే మర్నాడు అన్నయ్య పడవ ఒడ్డెక్కదు. పులుసు పెట్టాను. ఇంటిల్లిపాదీ తిన్నాం, నేనూ తిన్నాను. చాలా బాగా కుదిరిందని ఇప్పటికీ గుర్తుంది, అదే నా సిగ్గుల్లోకెల్లా పెద్ద సిగ్గు.

మళ్లీ మా వంతు రాకముందే అన్నయ్య పడవ అమ్మేసి, గుజరాత్ బోట్ల మీద కూలికి వెళ్లిపోయాడు. అక్కడి నుంచి ఫోన్ చేస్తే మొదట అడిగేది ఒకటే, "గోడ గట్టిగున్నాదా సెల్లీ?" అని. వెటకారం కాదు, నిజంగానే అడుగుతాడు. ఉందన్నయ్యా అంటాను. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఒక్క మాట అనడం తేలికవుతుందనుకున్నాను, ఏటికేడాది ఇంకా బరువవుతోంది.