నరసమ్మ మేడం మోగని బ్యాండు

రాత్రి డ్యూటీ చేసి ఇంటికొచ్చి, కర్టెన్లు లాగేసి అప్పుడే కళ్ళు మూశాను. భిలాయిలో, స్మృతి నగర్‌లో మా ఇంటి వెనక చిన్న మైదానం ఒకటుంది. అక్కడ పక్క బడి పిల్లలు జనవరి ఇరవై ఆరు కోసం డ్రమ్ముల ప్రాక్టీసు మొదలుపెట్టారు. దబదబమని ఒకటే మోత. పెద్ద డ్రమ్ము ఒక దారిన పోతోంది, చిన్న డ్రమ్ములు ఇంకో దారిన. మధ్యలో ఎవరో మహానుభావుడు విజిల్ మీద విజిల్ ఊదుతున్నాడు. ఒళ్ళు మండిపోయి లేచి కూర్చున్నాను. కిటికీ తెరిచి నాలుగు మాటలు అందామనుకుంటూ చూసుకుందును కదా, నా చూపుడు వేళ్ళు రెండూ దుప్పటి కింద తొడ మీద ఆ పిల్లల తాళాన్ని సరిచేస్తున్నాయి. నవ్వొచ్చింది. వెనకే నరసమ్మ మేడం గుర్తొచ్చారు. ఇంక నిద్రేం పడుతుంది?

ఆవిడ పూర్తి పేరు అప్పలనరసమ్మ. విజయనగరం దగ్గరి పల్లె నుంచి పెళ్ళి చేసుకుని భిలాయి వచ్చారు. ఉక్కు ప్లాంటులో పనిచేసేవాళ్ళ పిల్లలు చదివే మా బడిలో ఆటల టీచరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నేత చీర కింద తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో నల్ల తాడుకి విజిల్. ఆ విజిల్ ఊదగా చూసినవాళ్ళు బడిలో ఒక్కరూ లేరు. ఆవిడ పిల్లల్ని పిలవాలంటే చేతిరుమాలు పైకెత్తేవారు. ఆ రుమాలు ఎత్తాక కూడా పరుగెత్తుతూ ఉన్నవాడికి ఆ రోజు మూడినట్టే. బడిలో అందరితో హిందీలో మాట్లాడినా, మా బోటి తెలుగు పిల్లలు దొరికితే మాత్రం సొంత యాసలోకి దిగిపోయేవారు. "మీ హిందీ ఎక్కడికీ పోదు గానీ, నాకాడ మాత్రం తెలుగులో ఏడవండర్రా" అనేవారు.

శనివారాలు మా బడిలో క్లబ్బులు ఉండేవి. అల్లికల క్లబ్బు, తోటపని క్లబ్బు, సైన్సు క్లబ్బు, బ్యాండు క్లబ్బు. మా అమ్మ నా పేరు అల్లికల్లో రాయించింది. ఆ క్లబ్బులో నేను చేసిన పనల్లా సూది గుచ్చుకోవడం. ఒకరోజు వెనక బెంచీలో కూర్చుని టిఫిను డబ్బా మూత మీద వాయించుకుంటుంటే వరండాలో పోతున్న నరసమ్మ మేడం ఆగారు. చెవి మెలిపెడతారనుకుని రెండు చెవులూ మూసుకున్నాను. ఆవిడ ఆ మూత వంక చూసి అడిగారు.

"మీ నాన్నది ఏ షిఫ్టే?"

"నైట్ మేడం, ఈ వారం" అన్నాను, ఈ ప్రశ్నకూ నా నేరానికీ సంబంధం తెలియక.

"అయితే ఇంటికాడ కూడా ఇలగే కొడతావేటి?"

"లేదు మేడం. నాన్న పడుకుంటాడు కదా. ఇంట్లో పరుపు మీద కొట్టుకుంటాను."

ఆవిడ తిన్నగా లోపలికి వచ్చారు. "ఇదీ నాకు కావలసిన గుంట" అని అల్లికల టీచరుకి చెప్పి, నా చెయ్యి పట్టుకుని అప్పటికప్పుడే తీసుకుపోయారు.

ఇక్కడ భిలాయి సంగతి కొంచెం చెప్పాలి. ప్లాంటు ఎప్పుడూ ఆగదు కాబట్టి మా నాన్నలు కూడా ఆగేవారు కాదు. వారానికోసారి షిఫ్టు మారేది. నైట్ వారం వస్తే ఇంటి నడకే మారిపోయేది. మా నాన్న బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసేవాడు. ఆ వేడిలో రాత్రంతా నిలబడి వచ్చిన మనిషికి పగలు నిద్ర లేకపోతే మర్నాడు రాత్రి కాలు ఎక్కడ వేస్తాడో తెలియదు. అందుకే ఆ వారం మా అమ్మ కిటికీకి దుప్పటి కట్టి, కుక్కరు కూత వెయ్యబోయే క్షణానికి స్టవ్ కట్టేసేది. ఆవాలు చిటపటలాడతాయని పోపు కూడా పెట్టేది కాదు. పోపు లేని పప్పు తింటున్నామంటే నాన్నకు నైట్ అని మాకు లెక్క. చాలా వారాలు మా వరసలో కొన్ని ఇళ్ళు ఇలాగే ఉండేవి. అటువంటి క్వార్టర్ల నడుమ ఉన్న బడిలో ఒక టీచరు బ్యాండు నడపాలంటే ఏం చెయ్యాలి?

నరసమ్మ మేడం మోగని బ్యాండు నడిపారు. మిగతా క్లబ్బులు శనివారమే, ఆవిడ క్లబ్బు మాత్రం రోజూ ఒక పీరియడు ఉండేది. ఆవిడ క్లబ్బులో హాజరు పిలిస్తే 'ప్రెజెంట్ మేడం' అనకూడదు. నాన్న షిఫ్టు చెప్పాలి. "ఫస్ట్ మేడం", "సెకండ్ మేడం", "నైట్ మేడం" అని వరసగా వినిపించేవి. ఆఫీసర్ల పిల్లలు "జనరల్" అని కాస్త గొప్పగా చెప్పేవారు. తండ్రి లేని ఒక పిల్ల మొదటిరోజు ఏం చెప్పాలో తెలియక నిలబడిపోతే, "మీ అమ్మ ఆస్పత్రిలో ఆయా కదమ్మా, అమ్మ షిఫ్టు చెప్పు" అన్నారు. ఆ పిల్ల ఆ రోజు నుంచి అందరికంటే గట్టిగా చెప్పేది. చుట్టుపక్కల వీధుల్లో ఎవరి నాన్నకైనా నైట్ ఉంటే ఆ వారం డ్రమ్ము మోగకూడదు. తొడ మీద వేళ్ళతో కొట్టాలి, లేదా మడిచిన గోనెసంచి మీద పుల్లలతో కొట్టాలి. బ్యూగిల్ పిల్లలు బుగ్గలు పొంగించి గాలి ముక్కుతో వదలాలి. చూసేవాళ్ళకు మేం పిచ్చాసుపత్రి నుంచి వచ్చినట్టు ఉండేవాళ్ళం. మిగతా క్లబ్బుల వాళ్ళు "గూంగా బ్యాండ్", అంటే మూగ బ్యాండు అని వెక్కిరించేవారు.

రూలు తప్పినవాళ్ళకు దెబ్బలు ఉండేవి కావు, నీళ్ళ డ్యూటీ ఉండేది. వారం రోజులు బ్యాండు నిలబడే వలయం బయట నేల మీద కూర్చుని, కుండలోంచి అందరి దోసిళ్ళలో నీళ్ళు పోయాలి. వాయిద్యం ముట్టుకోకూడదు. అది దెబ్బల కంటే బాధగా ఉండేది. పక్కనే అందరూ వాయిస్తుంటే చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో కూర్చుంటే గాని తెలియదు. ఆవిడకు ఇష్టులు, అయిష్టులు అని ఉండేవారు కాదు. ప్రిన్సిపాలు గారి మేనల్లుడు కూడా ఒక వారం నీళ్ళు పోశాడు.

ఆ ఏడు జనవరి ఇరవై ఆరు పెరేడుకి మా బడి బ్యాండు వెళ్ళాలి. పెద్ద డ్రమ్ము నాకిచ్చారు. ఆడపిల్లకు పెద్ద డ్రమ్ము ఏమిటని టీచర్ల గదిలో గొణుక్కున్నారట. నాకైతే రాత్రి కలలో కూడా అదే. దాని పట్టీ భుజాన వేసుకుంటే నేను సగం కనిపించేదాన్ని కాదు, అయినా నా అంతటివాళ్ళు భూమ్మీద లేరనిపించేది. చిక్కల్లా ప్రిన్సిపాలు గారితో వచ్చింది. ఆయన మా బ్యాండుని చూశాడే గాని ఎన్నడూ వినలేదు. "నరసమ్మ గారూ, ఇది అసలు మోగుతుందా? శనివారం నాకు వినిపించండి. బాగా లేకపోతే పెరేడుకి పంపను" అన్నాడు.

సోమవారం హాజరులో అదృష్టం కొద్దీ ఒక్క నైట్ కూడా రాలేదు. మా నాన్నది సెకండ్. శనివారం గట్టిగా వాయించవచ్చని మేడం ప్రకటించారు. కానీ శుక్రవారం రాత్రి నాన్న బదులు రావలసిన మనిషి రాలేదు. సెకండ్ షిఫ్టుకి వెళ్ళిన నాన్న నైట్ కూడా అక్కడే చేసి, తెల్లారాక వచ్చి మంచం మీద పడిపోయాడు. ఆ మధ్యాహ్నం మళ్ళీ డ్యూటీ. మా క్వార్టరు పెరడు గోడకి అవతలే బడి మైదానం. నేను బడికి వెళ్ళగానే మేడం దగ్గరికి పరుగెత్తాను.

"మేడం, మా నాన్న డబుల్ చేసి వచ్చాడు. ఇప్పుడే పడుకున్నాడు."

ప్రిన్సిపాలు గారు అప్పటికే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. మేడం ఒకసారి ఆయన వంక చూశారు, ఒకసారి మా వంక చూశారు. వరసగా నిలబడి ఉన్న పిల్లలు, ఏడాదంతా తొడలు కందిపోయేలా నేర్చుకున్నవాళ్ళు.

"సోమవారం చెప్పిందే లెక్క" అన్నారు. "పోయి నిలబడు."

మోగించాం. మొదటి దెబ్బకి మాకే భయం వేసింది, మా చేతుల్లో ఇంత శబ్దం ఉందా అని. తర్వాత చెప్పలేను. ఒక్క తాళం తప్పలేదు. ప్రిన్సిపాలు గారు కుర్చీలోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లు పూర్తి కాకుండానే మా నాన్న లుంగీ, బనియనుతో గోడ తలుపు తోసుకుని వచ్చాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"మనుసులు పడుకోవాలా, అక్కర్నేదా? మళ్ళీ మద్దేనం ఆ మంటకాడికి ఎల్లాల నాను! ఆడ కళ్ళు మూతపడితే ఏటవుద్దో మీకు తెలుసా టీచరమ్మా?" నా చేతిలో పుల్లలు లాక్కుని నేల మీద పెట్టాడు. విసిరెయ్యలేదు, పెట్టాడు. "నా గుంటకి ఈ బ్యాండూ వద్దు, ఏటీ వద్దు. పదవే ఇంటికి."

మేడం నాన్నకి ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "తప్పు నాది బాబూ. పిల్ల ముందే చెప్పింది. నానే ఇన్లేదు" అన్నారు, ప్రిన్సిపాలు గారు, పిల్లలు అందరూ వింటుండగా. నాన్న వినిపించుకునే స్థితిలో లేడు. నేను ఏడుస్తూ ఇంటికొచ్చి, ఆయన నిద్రపోతున్నాడని ఆ ఏడుపు కూడా దిండులో ఏడ్చాను.

పెరేడు దగ్గరపడటంతో తర్వాతి వారం రోజూ ప్రొద్దుటే ప్రాక్టీసు పెట్టారు. నేను పెరడు గోడ పక్కన రాయి మీద నిలబడి చూస్తుండేదాన్ని. నా పెద్ద డ్రమ్ము వలయం మధ్యలో ఖాళీగా ఉంది, దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. పెద్ద క్లాసు అమ్మాయి రుమాలు పట్టుకుని బ్యాండు నడుపుతోంది. మేడం కోసం వెతికితే వలయం బయట, నేల మీద, కుండ పక్కన కనిపించారు. ఆగినప్పుడల్లా లేచి, ఒక్కొక్కరి దోసిట్లో నీళ్ళు పోస్తున్నారు. మెడలో విజిల్ లేదు. ఆ వారం నాన్నకు ఫస్ట్ షిఫ్టు. బుధవారం వారపు సెలవు రావడంతో పెరట్లో పళ్ళు తోముకుంటూ ఆయనా చూశాడు.

"ఓలె, ఆ టీచరమ్మ నీళ్ళు పోస్తందేటి? ప్యూను నేడా?"

"నీళ్ళ డ్యూటీ నాన్నా. రూలు తప్పితే వారం చెయ్యాలి."

"ఎవులేసినారు ఆవిడకి?"

"ఎవరూ వెయ్యలేదు. ఆవిడే వేసుకున్నారు."

నాన్న నోట్లో నురగ ఉమ్మేశాడు. తర్వాత ముఖం కడుక్కుని, చొక్కా తొడుక్కుని నా చెయ్యి పట్టుకుని మైదానంలోకి నడిచాడు.

"టీచరమ్మా, చాలండి. లెగండి. నాకు బాగోనేదు ఇది."

ఆవిడ లేవలేదు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశారు. "శనివారం దాకా ఉంది బాబూ. ఈ పిల్లల్ని ఒక్క రోజు ముందుగా లేపీలేదు నాను ఎప్పుడూ. నన్నయితే లేపీయాలా?" అన్నారు. మళ్ళీ నా వంక చూసి, "పిల్లని మాత్రం ఒగ్గీండి. శిచ్చ నాది, దానికెందుకు?" అన్నారు.

నాన్న నా చెయ్యి వదిలేశాడు. నేను వలయంలోకి వెళ్ళి డ్రమ్ము పట్టీ భుజాన వేసుకున్నాను. ఆగినప్పుడు మేడం నా దగ్గరికీ వచ్చి దోసిట్లో నీళ్ళు పోశారు. "తాగు, తాగు. మోత బాగా మోగించాల నువ్వు" అన్నారు.

పెరేడు రోజు బడి నుంచి పెరేడు మైదానానికి నడుచుకుంటూ వెళ్ళాలి. దారి మా క్వార్టర్ల వీధి మీదుగానే. అది మా నాన్నకు నైట్ వారం. ముందు రాత్రి మా వరసలో ఇంకా చాలామందికి నైట్. వీధి మొదట్లోనే మేడం రుమాలు దించేశారు. డ్రమ్ములన్నీ ఆగిపోయాయి. ఇంత మంది పిల్లలం, ఇస్త్రీ బట్టలు, నెత్తిన ఈకల టోపీలు, బూట్లు కూడా మెల్లగా మోపుతూ దొంగల్లా పోతున్నాం. నాకు లోపల దిగులుగా ఉంది. ఊరంతా వింటుంది, మా వీధి మాత్రం వినదు.

మా ఇంటి గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. ప్లాంటు బట్టలు ఇంకా మార్చుకోలేదు. మసి కూడా కడుక్కోలేదు.

"ఏటి టీచరమ్మా, మా ఈదిలోనే మూగనోము పట్టీసినారా? కొట్టమనండి!"

మేడం వేలు పెదవుల మీద పెట్టుకుని, "పక్కిళ్ళోళ్ళు పడుకుని ఉంటారు బాబూ" అన్నారు గుసగుసగా.

"ఎవులూ పడుకోనేదండి. అందర్నీ నానే లేపీసినాను."

చూస్తే నిజమే. గేటు గేటు దగ్గర ఎర్రకళ్ళతో, తువ్వాళ్ళతో, టీ గ్లాసులతో మనుషులు. తెలుగువాళ్ళు, బిహారీలు, ఛత్తీస్‌గఢీలు అందరూ ఉన్నారు. ఒకాయన ఆవులిస్తూనే "బజావ్ బేటీ, బజావ్!" అని వాయించమన్నాడు. మేడం వెంటనే రుమాలు ఎత్తలేకపోయారు. ఆ రుమాలుతోనే ముందు కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. తర్వాత ఎత్తారు. ఆ రోజు పెరేడు మైదానంలో ఎలా వాయించామో నాకు గుర్తు లేదు. మా వీధిలో వాయించింది మాత్రం ఇప్పటికీ నా భుజాల్లో ఉంది.

మేడం పోయి కొన్నేళ్ళయింది. నేనిప్పుడు ఒక ఆస్పత్రి వార్డుకి ఇన్‌చార్జిని. నా కింది అమ్మాయిలు వెనకాల నన్ను చండశాసనురాలు అంటారని తెలుసు, అననీ. మా వార్డులో రోగి మీద గొంతు లేపినవాళ్ళు ఆ వారమంతా మంచం మంచానికీ తిరిగి నీళ్ళ సీసాలు నింపాలి. ఈ మధ్య ఒక పెద్దాయన మందు మింగకుండా దిండు కింద దాస్తుంటే నేనే అరిచాను. మర్నాడు సీసాలు పోగుచేస్తుంటే కొత్తగా చేరిన అమ్మాయి కంగారుగా పరుగెత్తుకొచ్చి ఒక సీసా అందుకుంది.

"దీదీ, ఆప్ రహనే దీజియే, వదిలెయ్యండి. మీరు ఇన్‌చార్జి కదా, మిమ్మల్ని ఎవరు అడుగుతారు?"

"ఎవరూ అడగరమ్మా, అందుకే" అన్నాను. చెయ్యి చాపి ఆ పిల్ల చేతిలో సీసా కూడా తీసుకున్నాను.