మాత్ర కొత్త

ఎండిన అడ్డాకు వాసన తగిలితే నా కాళ్ళు ఒకచోట నిలవవు. నిన్న మధ్యాహ్నం విశాఖలో నేను నర్సుగా పనిచేసే మానసిక వైద్యశాలలో, కొయ్యూరు వైపునుంచి కొడుకుని తీసుకొచ్చిన ఒకామె వార్డు వరండాలో అడ్డాకుల్లో కట్టిన అన్నం మూట విప్పింది. ఫినాయిలూ, తడిగచ్చూ, స్టీలు క్యారియర్లలోని సాంబారూ కలగలిసిన మా వార్డు వాసనలోంచి పొయ్యి పక్కన ఆరబెట్టిన ఆకు వాసన, కొంచెం పొగగా, కొంచెం వగరుగా లేచి నన్ను పట్టుకుంది. చేతిలో మందుల ట్రేతో కొయ్యబారి నిలబడిపోయానని రాస్తే అందంగా ఉంటుంది గానీ, అది అబద్ధం. నేను నిలబడే రకం కాదు. పనేమీ లేకపోయినా వరండా ఆ చివరిదాకా వెళ్ళి, మళ్ళీ ఈ చివరికి వచ్చాను. ఆమె కొడుకు కూడా నాకు ఎదురుగా అదే చేస్తున్నాడు. అటు నడుస్తాడు, గోడ తగలగానే ఇటు తిరుగుతాడు, కూర్చోమంటే కూర్చున్నట్టే కూర్చుని ముల్లు గుచ్చుకున్నట్టు లేస్తాడు.

మా ఊరు డుంబ్రిగుడ పైన కొండవాలులో ఉండేది. ఉండేది అంటున్నాను గానీ ఊరెక్కడికీ పోలేదు, నా ఊరే పోయింది. శీతాకాలం వస్తే పొద్దెక్కేదాకా మంచులో పక్కింటి కోడి కూత వినిపించేదే తప్ప కోడి కనిపించేది కాదు. ఆ మంచు విడిపోయేసరికి కింద మళ్ళన్నీ వలిసె పూలతో పచ్చగా పసుపు ఆరబోసినట్టుండేవి. ఎండాకాలం పనస గింజలు బూడిదలో కాల్చుకునేవాళ్ళం, మామిడి టెంకలు దంచి, వగరు పోయేదాకా నానబెట్టి మా అవ్వ కాచే అంబలి మూతి ముడుచుకుంటూనే తాగేవాళ్ళం. వాన మొదలైతే బురదలో కాళ్ళు పెట్టకుండా పొడుగాటి వెదురు కర్రలకు మెట్లు కట్టుకుని వాటిమీద ఎక్కి నడిచేవాళ్ళం. కర్రలమీద నిలబడితే పడిపోతాం, నడుస్తూనే ఉండాలి. అందుకే నాకా ఆట ఇష్టం.

ఆ కర్రలు నాకు కట్టిచ్చింది మా చిన్నమ్మ. శుక్రవారం పుట్టింది కనక సుక్రి. మా అమ్మ పొద్దున్నే కాఫీ తోటల్లో కూలికి పోతే నన్ను సాకింది చిన్నమ్మే. నాకు తల దువ్వింది, చోడి అంబలి తాగించింది, కొండమీదికి అడ్డాకులకు పోయినప్పుడు నన్ను భుజానెక్కించుకుంది. ఆకులు తెచ్చాక వాకిట్లో చతికిలబడి, సన్నటి వెదురు పుల్లలతో విస్తళ్ళు కుడుతుంటే ఆ వేళ్ళ వేగం చూస్తూ నేను అన్నం మరిచిపోయేదాన్ని. అమ్మ కన్నది, చిన్నమ్మ పెంచింది. ఎవరెక్కువంటే ఇప్పటికీ చెప్పలేను.

చిన్నమ్మకు పెళ్ళయింది, కాపురానికి వెళ్ళింది, ఒక వానాకాలం గడవగానే తిరిగొచ్చింది. వచ్చిన మనిషి చూరు నీళ్ళ చప్పుడులో ఎవరో పిలుస్తున్నారనేది. వాళ్ళకు జవాబు చెప్పేది, తిట్టేది, ఏడ్చేది. తిండి మానేసింది. మా అవ్వ మంత్రాలు వేసే గురువు దగ్గరికి పోయింది, కోడిపిల్లలు కోయించింది, తాయెత్తులు కట్టించింది. ఏదీ పట్టలేదు. ఆఖరికి సంతకొచ్చే ఎస్తేరు సిస్టరమ్మ మాట విని, అమ్మా అవ్వా కలిసి చిన్నమ్మను కిరండోలు పాసింజరులో పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సిస్టరమ్మ మిషన్ ఆసుపత్రి నర్సు. తెల్ల చీర, నల్ల గొడుగు, ఎంత ఎత్తు కొండైనా ఎక్కేసే పిక్కలు. మా గుంటలందరికీ ఆవిడంటే సూది భయం. ఆ రోజు రైల్లో నేనూ ఉన్నాను. బొర్రా దాటాక సొరంగాల్లో తక్కిన పిల్లలందరూ కేకలేస్తుంటే, చిన్నమ్మ నా తల తన ఒళ్ళోకి లాక్కుని చెవులు మూసింది. అంత జబ్బులోనూ నాకు భయమేస్తుందని దానికి తోచింది.

కాఫీ పూసే కాలానికి చిన్నమ్మ మాత్రలతో తిరిగొచ్చింది. చూరులో మాటలు ఆగిపోయాయి. తిన్నది, నన్ను పేరుపెట్టి పిలిచింది. ఇల్లంతా పండగే అనుకునేలోపు కాళ్ళు మొదలయ్యాయి. పొద్దున లేచింది మొదలు నడకే. వాకిట్లో నడక, వీధిలో నడక, అడ్డాకు కుట్టడానికి కూర్చుంటే ఒక పుల్ల గుచ్చేలోపు లేచి మళ్ళీ నడక. నిలబడినా కాళ్ళు మార్చి మార్చి తొక్కేది. లోపల చీమలు పాకుతున్నాయనేది. తలలో పట్టింది కాళ్ళలోకి దిగింది, ఇంక కాళ్ళలోంచే పోతుంది అని అవ్వ ముందు సంబరపడింది. ఊళ్ళోవాళ్ళు పడలేదు. ఒకరోజు చిన్నమ్మ రైలు పట్టాల వెంట నడుచుకుంటూ సొరంగం నోటిదాకా పోతే, గ్యాంగ్‌మేన్ ఒకాయన చెయ్యిపట్టుకుని తెచ్చి దిగబెట్టాడు. ఆ సాయంత్రం మా ఊరి పెద్ద, నాయుడు, మా వాకిట్లోకి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. ఇంకోసారి ఇలా జరిగితే కాలు బొండకొయ్యలో వేయాల్సిందే, మనిషైనా మిగులుతుంది అన్నాడు.

బొండకొయ్య అంటే మధ్యలో బెజ్జం తొలిచిన బరువైన మొద్దు. కాలు అందులో దూర్చి చీల కొడతారు. అప్పటికే ఆ మొద్దు మా నాయుడి పశువులశాలలో ఒక మూల పడి ఉండేది. దాగుడుమూతల్లో దాని వెనక దాక్కునేవాళ్ళం. అది చిన్నమ్మ కాలికి అని విన్నాక నేనిక ఆ శాలలోకి పోలేదు. చిన్నమ్మ ఎటు నడిస్తే అటు వెనకే తిరిగాను, కొంగు పట్టుకుని, తిండీ ఆటా మానేసి. ఎక్కడైనా తప్పిపోతే కొయ్యలో వేసేస్తారని నా గుబులు.

ఆ వారం సంతలో సిస్టరమ్మ చిన్నమ్మ మొహం చూడలేదు, కాళ్ళు చూసింది. చాలాసేపు చూసింది. ఇది జబ్బు కాదు, మందు తెచ్చిన తిప్పలు, డాక్టరుగారిని అడిగి విరుగుడు తెస్తానని చెప్పింది. చెప్పినట్టే మరుసటి సంతకు చిన్న తెల్ల మాత్రలు తెచ్చి అవ్వ చేతిలో పెట్టి, పాతవాటితో కలిపి వెయ్యమంది. అవ్వ తల ఊపింది. ఇంటికొచ్చి ఆ మాత్రలను అడ్డాకులో మడిచి, నారతో కట్టి, పొయ్యిపైన వాసాల్లో దోపింది.

ఎందుకో తెలియాలంటే మా కొత్తల సంగతి తెలియాలి. మా కొండల్లో ఏ పంటొచ్చినా ముందు దేవుడు తినాలి. మామిడి కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త, ఒక్కోదానికి ఒక్కో పండగ. దిసారి, అంటే మా ఊరి పూజారి, చుక్కలు చూసి రోజు పెడితే, ఆ రోజు దేవుడి రాళ్ళ దగ్గర కొత్త చేశాకే ఎవరైనా నోట్లో పెట్టుకోవాలి. పెరట్లో మామిడికాయ చేతికి అందుతున్నా, నోరూరి చొంగ కారినా, కొత్త కాకుండా కొరికితే వీపు విమానం మోతే. పట్నంలో మొదలైన పాత మాత్ర పట్నం లెక్కలోకి పోయింది. ఇది కొత్తది, మా ఇంటి గడప మొదటిసారి తొక్కింది. దేవుడికి చూపించకుండా బిడ్డ నోట్లో ఎలా వేస్తుంది మా అవ్వ? దిసారిని అడిగితే, మామిడి కొత్తతో కలిపి చేసేద్దామన్నాడు. మామిడికి ఇంకా పిందెలే.

వాసాల్లో మాత్ర, వీధిలో చిన్నమ్మ. రెండూ చూస్తూ నేను. అవ్వ పగలంతా గుమ్మంలో అడ్డంగా కూర్చునేది. అయినా ఒకరోజు నీళ్ళకు పోయొచ్చేసరికి చిన్నమ్మ మళ్ళీ పట్టాల దారి పట్టింది. మేకల కాపర్లు తీసుకొచ్చారు. మర్నాడు పొద్దున నాయుడి మనుషులు బొండకొయ్య మోసుకొచ్చి మా వాకిట్లో దించారు, కడిగారు. చిన్నమ్మ దాని చుట్టూ కూడా నడిచింది.

సిస్టరమ్మ కొండెక్కి వచ్చింది ఆ పొద్దునే. సంతలో మేము కనబడకపోతే మనసు ఊరుకోలేదట. వాకిట్లో ఆ మొద్దుని చూసింది. గొడుగు గోడకానించి, చిన్నమ్మ పక్కన చేరి నడవడం మొదలుపెట్టింది. ఎండెక్కింది, ఆవిడ చీర తడిసింది, అయినా చిన్నమ్మ తిరిగిన చోటల్లా తిరిగింది. మాటలు కూడా తక్కువే. కూర్చో అని ఒక్కసారీ అనలేదు. అన్ని రోజులుగా మేమందరం చిన్నమ్మతో చెప్పింది ఆ ఒక్క మాటే. నాకప్పుడు సిస్టరమ్మ సూది భయం పోయింది. ఉన్నపళంగా, శుభ్రంగా పోయింది.

నడుస్తూనే అవ్వను మాత్రల గురించి అడిగింది. అవ్వ దాచలేదు, గొప్పగానే చెప్పింది, కొత్త కాకుండా ఇస్తానా అని. మా ఊళ్ళో చర్చిలో కలిసినవాళ్ళు కొత్తలు మానేశారు, సిస్టరమ్మదీ అదే దేవుడు. ఇంక అవ్వకు చివాట్లే అనుకున్నాను. ఆవిడ చిన్నమ్మను నాకు అప్పగించి, చెయ్యి వదలొద్దని చెప్పి, నేరుగా దిసారి ఇంటికి వెళ్ళి ఆయన్నే తీసుకొచ్చింది. దిసారి అరుగు ఎక్కాడు, అవ్వ దించిన ఆకుమడత విప్పించాడు, ఒక మాత్ర అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. మొద్దునీ, చిన్నమ్మ కాళ్ళనీ కూడా చూశాడు.

“మామిడికి సెట్టుంది, కాపుంది, కాలముంది,” అన్నాడు చివరికి. “దీనికి సెట్టేటి? కాలమేటి? కాలం లేనిదానికి ఏ రోజైనా రోజే. బేగి ఒక పిల్లని పట్టుకురండి.”

కోడిపిల్లను తెచ్చారు. రాళ్ళ దగ్గర బియ్యం పోసి, మాత్రను ఆకులో పెట్టి, మామిడికాయకు చెప్పే మాటలే దానికీ చెప్పాడు. సిస్టరమ్మ కొంచెం దూరంగా తల వంచుకుని నిలబడింది, తన దేవుడికి తను చెప్పుకుందేమో. చిన్నమ్మ నడుస్తూనే మాత్ర మింగింది. తరవాత అవ్వ మా అందరికీ బెల్లం పెట్టింది, కొత్త అంటే అందరూ తినాలి కదా, మాత్ర అందరికీ పెట్టలేరు. నాయుడు కూడా బెల్లం తిన్నాడు. బెల్లం నోట్లో పెట్టుకుని కొయ్య వేయడం బాగుండదు కనక వచ్చే సంతదాకా ఆగుతానన్నాడు.

ఆ సంత రాకముందే, వేసవి జల్లు పడి ఆగిన ఒక పొద్దున, చిన్నమ్మ కూర్చుంది. వాకిట్లో అడ్డాకుల గుట్ట పక్కన మామూలుగా వచ్చి కూర్చుని, పుల్ల తీసి, ఒక విస్తరి మొత్తం కుట్టింది. దగ్గితే లేచిపోతుందేమోనని అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అవ్వ ఆకుల గుట్టను మెల్లగా ఇంకాస్త దగ్గరికి జరిపింది. చిన్నమ్మ తలెత్తి నన్ను చూసి, “ఏటే గుంటా, అలా సూత్తన్నావు? తల దువ్వుకోలేదేటి?” అంది. నేను ఏడ్చేశాను. ఆనందం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే, తల చిక్కు తీయించుకుంటూ నొప్పికి కేకలేయడం అంటాను.

చాలా ఏళ్ళ తరవాత నర్సింగు చదువులో మానసిక రోగుల సేవ పాఠం తీస్తే, మొదటి తరగతంతా చరిత్రే. ఒకప్పుడు పిచ్చాసుపత్రుల్లో నర్సులు కాదు, తాళాల గుత్తులతో కాపలావాళ్ళుండేవారట. గొలుసులు, చీకటి గదులు, చేతులు కట్టే చొక్కాలు. ఆ తరవాత మెల్లగా, రోగి కూడా మనిషేనని, కాపలా కాదు తోడు కావాలని తెలుసుకున్నారట. లోకానికి వందల ఏళ్ళు పట్టిన దారి మా వాకిట్లో మొద్దు దించిన పొద్దుకీ, బెల్లం పంచిన మధ్యాహ్నానికీ మధ్యలో మావాళ్ళు నడిచేశారని నేను బల్లకింద కాళ్ళాడిస్తూ అనుకున్నాను. కూర్చోలేకపోయే ఆ తిప్పలకు అకతీసియా అని పేరుందని అప్పుడే తెలిసింది. రోగిని ఉన్నది ఉన్నట్టు ఒప్పుకోవాలి, బెదిరించకూడదు, అతని కళ్ళతో చూడాలి, బలం వాడటం ఆఖరి మాట అని టీచరుగారు సూత్రాలు రాయిస్తుంటే, ప్రతిదాని పక్కనా నాకు చెమటకు తడిసిన తెల్లచీర కనిపించేది.

ఇప్పుడా వాకిలి లేదు, టూరిస్టుల కోసం కట్టిన గుడారాలున్నాయి. విస్తళ్ళు మిషన్ల మీద అచ్చు పోస్తున్నారు. బొండకొయ్య ఆ తరవాత ఎవరి కాలికీ పడలేదు, చెదలు తిన్నాయి. దిసారి పోయాడు, సిస్టరమ్మ పోయింది. చిన్నమ్మ తన ఆయువు నిండి, వాకిట్లో ఆకులు కుట్టుకుంటూ గోడకానుకుని పోయింది. పిల్లలు మామిడిపిందెలు ఎప్పుడంటే అప్పుడు తింటున్నారు, వీపులేమీ మోగడం లేదు.

నిన్న ఆ కొయ్యూరు ఆమె కొంగుముడిలో అడ్డాకు మడత కనిపించింది. మడత సందులోంచి, కాళ్ళ తిప్పలకని పోయినసారి మేమిచ్చిన చిన్న మాత్రలు, ఒక్కటీ వేయలేదు. పక్కన చేరి, కొత్త కోసం దాచారా అని మెల్లగా అడిగాను. ఆమె నావైపు వింతగా చూసింది. వాళ్ళ ఊళ్ళో కొత్తలు పోయి చాలా కాలమైందట. మాత్ర మంచిది కాదని మేనల్లుడు సెల్లులో వీడియో చూపించాడట, అందుకు ఆపింది. నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. దిసారి అయితే కొండెక్కి ఇంటికి పోతే దొరికేవాడు, మాత్రను అరచేతిలో పెట్టి చూడమంటే చూసేవాడు, మనసు మార్చుకుని రోజు చెప్పేవాడు. ఈ సెల్లులో మాట్లాడేవాడి ఇల్లెక్కడ? వాణ్ణి ఏ అరుగుమీదికి పిలవాలి?

కోపం వస్తే నాకు తెలిసిన పని ఒకటే. ట్రే లోపల పెట్టేసి వచ్చి ఆ కుర్రాడి పక్కన నడిచాను. అతను గోడ దగ్గర తిరిగితే తిరిగాను, వేగం పెంచితే పెంచాను. కూర్చోమనలేదు. ఆమె అన్నం మూట ముందు కూర్చుని మమ్మల్ని చూస్తూనే ఉంది. చాలాసేపటికి మేం ఇటు తిరిగి వచ్చేసరికి కొంగుముడి విప్పి, ఆకుమడత ఒళ్ళో పెట్టుకుని ఉంది.

“ఇది మింగితే కూకుంతాడా, సిస్టరమ్మా?” అంది.

ఇలాంటప్పుడు చెప్పాల్సిన జవాబు మాకు నేర్పారు, నేనూ చిన్న నర్సులకు నేర్పుతాను. అదేదీ నోటికి రాలేదు. విశాఖ వచ్చాక ఎప్పుడూ వాడని మా కొండ మాటే వచ్చింది.

“మా సిన్నమ్మ కూకుందమ్మా,” అన్నాను.