తాంబూలం మార్చుకున్నాక చూసిన విమానం

మా అమ్మకు అన్న, యతిరాజులు మామ, ముప్పై ఏళ్లు మద్రాసు మీనంబాక్కం ఎయిర్‌పోర్టులో విమానాల మెకానిక్కు. ఆయన కంపెనీ మూతబడ్డాక తొండియార్‌పేట ఇంట్లో కూర్చుని వీధివాళ్ల మిక్సీలు బాగుచేసేవాడు. చచ్చేలోగా ఒక్క విమానాన్నన్నా నా చేత్తో పైకి పంపాలని రోజూ అనేవాడు.

"ముందు ఆ రాసాత్తి మిక్సీ పంపించు, మూడు రోజులైంది అడిగి" అనేది అలమేలత్త.

తొంభై అయిదులో వీరరాఘవులు శెట్టిగారు కబురుపెట్టారు. గ్రానైటు రాళ్లు ఎగుమతి చేసి పైకొచ్చిన మనిషి. లండన్‌దాకా ఎక్కడా ఆగకుండా పోయే పాత జెట్టు విమానం కొంటున్నారట. బ్రోకరు దాన్ని మీనంబాక్కంలో తెచ్చి నిలిపాడు.

"నువ్వు చూసి చెప్పప్పా, యతిరాజులూ. బాగుంటే దాని పని నీదే" అన్నారు.

మామ ఇస్త్రీ చొక్కా వేసుకుని, టార్చిలైటూ చిన్న అద్దమూ పట్టుకుని పోయాడు. మూడు రోజులు దాని కిందా మీదా పాకాడు. పైన పటారం, లోన లొటారం. ఏ సముద్రం ఒడ్డునో ఏళ్ల తరబడి నిలబెట్టిన బండి అది. పొట్ట కింద రేకు లోపల్నుంచి కుళ్లింది, మీద కొత్త రంగు పూశారు. ఇంజిన్లు రెండూ విప్పదీసి బాగుచేయాల్సినవే. రికార్డు పుస్తకంలో రెండేళ్ల పేజీలు లేవు. అన్నీ కాగితం మీద రాసుకుని శెట్టిగారింటికి పోయాడు.

శెట్టిగారు కాగితం ముట్టుకోలేదు.

"పోయిన శుక్రవారమే బ్రోకరుతో తాంబూలం మార్చుకుని బేరం ఖాయం చేసుకున్నాం అప్పా. మంచి గడియ దాటిపోతుందని."

"మరి నన్నెందుకు చూడమంటిరి సామీ?"

"ఎట్టుండాదో తెలిసుంటే మంచిది గదా. తాంబూలం మార్చుకున్నాక లోపాలెంచేది మా ఇంట్లో లేదు. మా తాత చింతపండు బేరం కాడ్నుంచీ ఇంతే."

చింతపండు కుళ్లితే బుట్ట పారేస్తే సరి. ఈ మాట మామ అనలేదు. అంటే పని పోతుంది. నేనైతే అనేవాణ్ణి, అందుకే నేను హార్బర్‌లో గుమాస్తాగా ఉండిపోయాను. నేనే బాగుచేసుకుంటాలెండి అని మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

కావలసిన సామాన్ల జాబితా నాలుగుసార్లు రాసిచ్చాడు. సామాన్లు రాలేదు. అధికారులు వచ్చి చూసి, ఇది ఎగరకూడదని రాసిపోయారు. శెట్టిగారు గ్రహదోషమన్నారు. ఆయుధపూజకు విమానం ముక్కుకు పసుపు పూసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించారు. విమానం కదల్లేదు, నిమ్మకాయలు ఆడనే ఎండిపోయాయి. మామ మాత్రం నాలుగేళ్లు రోజూ పోయి దాని దుమ్ము తుడిచేవాడు. తుడిచే కొద్దీ రంగు పొట్టు పొట్టుగా గుడ్డకు వచ్చేది. నాకు శెట్టిగారి మీద కన్నా మామ మీదే ఎక్కువ కోపం వచ్చేది.

తొంభై తొమ్మిదిలో శెట్టిగారు దాన్ని పాత ఇనుము కొనే కన్నియప్పన్‌కు చూపించారు. ఆ రోజు మామకు తోడుగా నేనూ పోయాను. కన్నియప్పన్ ఆకులూ వక్కలూ తేలేదు. సుత్తీ, అయస్కాంతమూ తెచ్చాడు. రెండుచోట్ల కొట్టి చూసి, మామ వైపు తిరిగి తమిళంలో అడిగాడు.

"పెద్దాయనా, ఇందులో ఎక్కడెక్కడ కుళ్లిందో ముందు చెప్పండి. ఆ తర్వాతే నా మాట."

మామ జేబులోంచి మడతల దగ్గర చిరిగిన ఆ కాగితం తీశాడు. అరవై ఏళ్ల మనిషి వెల్లకిలా పడుకుని విమానం కిందికి పాకి, ఒక్కొక్క చోటూ చూపిస్తూ గంటసేపు చెప్పాడు. సుద్దముక్కతో గీతలు గీసిచ్చాడు. కన్నియప్పన్ మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో మామ, "అంతా విన్నాడురా" అన్నాడు. కళ్లనీళ్లు తుడుచుకోను కూడా లేదు.

మర్నాడు ఆ సుద్దగీతల వెంటే విమానాన్ని కోశారు.