అన్నయ్య వేళ్లు

మా అన్నయ్య పోయేనాటికి నాకు అక్షరాలు రావు, అందుకే ఆయన గురించి ఇన్నాళ్లూ రాయలేకపోయాను. ఫిషింగ్ హార్బరులో వలలు అల్లే మనిషి. నా పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచేటప్పుడు పాస్‌వర్డు చివరి మీటను వలముడి బిగించినట్టు గట్టిగా నొక్కి, "జారకూడదే" అనేవాడు. అమ్మ బతికుండగా ఆమె గొంతు రికార్డు చేసి అన్నయ్య దాచింది అందులోనే.

"ఇది తెరుచుకోదక్కా, మొత్తం తుడిచీమంటావేటి?" అన్నాడు, అన్నయ్య పోయాక నేను దాన్ని తీసుకెళ్లిన రిపేరు షాపాయన.

"సెయ్యెట్టకు! మా అన్న ఏళ్లు ఎటెల్లేవో నాను సూడలేదేటి?"

వల అల్లడం నేర్చుకున్నదీ ఆ వేళ్లను చూసే. రెండుసార్లు తప్పాను. మూడోసారి చివరి మీటను ముడిలా బిగించాను. తెరుచుకుంది. షాపాయన చేత ఆ రికార్డు పెట్టిస్తే, చేపల వేలంలో అమ్మ పెట్టిన కేక వినబడింది.

నేను నొక్కినవి ఏ అక్షరాలో నాకే తెలియదు. మర్నాడు పొద్దున్నే పలక కొనుక్కుని మా వీధి పంతులమ్మ ముందు కూర్చున్నాను.