ఆరియాకు వన్స్ మోర్

ఆ రోజుల్లో ఏ పని మొదలుపెట్టినా ముందు అక్కడున్నవన్నీ రాసుకునేవాణ్ణి. రాసుకుంటే సగం పని అయిపోయినట్టేనని నా నమ్మకం. చాండ్లర్‌లో మా అపార్ట్‌మెంట్ హాల్లో ఆ ఆదివారం ఉదయం ఉన్నవి ఇవి: నేను, నా రూమ్మేట్, హార్మోనియం అంకుల్, ఆయన హార్మోనియం, ఒక లాప్‌టాప్, పద్నాలుగు పాటల నొటేషన్ కాగితాలు, ఎవరూ ముట్టని ఉప్మా. (చేసింది నేనే.) పగలు నాది కంప్యూటర్ చిప్‌ల కంపెనీలో లోపాలు లెక్కపెట్టే ఉద్యోగం, సాయంత్రాలు ఒక పెద్దావిడ దగ్గర ఒపేరా పాఠాలు. ఊళ్లోని ఒపేరా బృందం కోరస్‌లో చోటు కోసం అప్పటికి రెండుసార్లు ఆడిషన్ ఇచ్చాను. రెండుసార్లూ వీరుల పాటలే ఎంచుకున్నాను, రెండుసార్లూ పైస్వరం దగ్గర గొంతు చీలింది. మూడోసారీ రాకపోతే పాఠాలు మానేస్తానని టీచరమ్మతో అనేశాను. ఆవిడ బతిమాలలేదు. “అయితే ఈసారి పాట సరిగ్గా ఎంచుకో” అంది, అంతే.

అందుకని స్ప్రెడ్‌షీట్ తయారుచేశాను. పద్నాలుగు పాటలు, ఒక్కోదానికి తొమ్మిది గడులు: పైస్వరం, నిడివి, ఊపిరి తీసుకునే చోట్లు, జలుబు చేసినా పాడగలనా, వగైరా. “ఏ ఆరియా అన్నది ఇవాళ తేలిపోవాలి” అన్నాను. (ఒపేరాలో ఒక్కరే నిలబడి పాడే పాటను ఆరియా అంటారు.) రూమ్మేట్ ఫోన్‌లోంచి తలెత్తకుండానే, “ఏ ఏరియా భాయ్? టెంపీనా, మెసానా? టెంపీల ట్రాఫిక్ మస్తుంటది” అన్నాడు.

షీట్‌లో మొదటి స్థానం ఒక కోట కాపలావాడికి వచ్చింది. బూట్లు బిగుతయ్యాయని వాడు సణుక్కునే పాట అది, రెండున్నర నిమిషాలు. హార్మోనియం అంకుల్‌కి అవమానంగా తోచింది. ఆయన రిటైరైన గుండె డాక్టరు. కాలేజీ రోజుల్లో పౌరాణిక నాటకాల్లో పద్యాలు పాడేవారు. జనం “వన్స్ మోర్” అని అరిస్తే అదే పద్యాన్ని మళ్లీ మొదట్నుంచి, రెట్టింపు రాగం తీసి పాడేవారట.

“ఏమోయ్, ఇంత గొంతు పెట్టుకుని బూట్ల మీద పాడతావా? రాజు పాట పాడు! చివర రాగం లాగి, చెయ్యి ఇలా పైకెత్తు. వన్స్ మోర్ పడకపోతే నన్నడుగు.”

“రాజుకి నలభై ఒక్క మార్కులే వచ్చాయి అంకుల్. కాపలావాడికి డెబ్బై మూడు.”

“వేసిందెవరు?”

“నేనే.”

“ఇంకేం మరి!” అని హార్మోనియం మూసేశారు. నాకూ రాజు పాటే ఇష్టం. అయినా మార్కులు దిద్దలేదు. రెండు వారాలు ఆ బూట్లనే పాడాను.

ఆడిషన్ గదిలో బల్ల వెనక ముగ్గురు, మూలన పియానో ఆవిడ. పాట సాఫీగా అయిపోయింది, చీలడానికి అందులో పైస్వరమే లేదు కదా. బల్ల మధ్యలో కూర్చున్నావిడ కాగితం చూసుకుంటూ “వన్స్ మోర్” అంది. తర్వాత మెల్లగా ఇంకేదో అంది గానీ, ఆ రెండు మాటల తర్వాత నాకేమీ వినిపించలేదు. మొదట్నుంచి ఎత్తుకున్నాను. పియానో ఆవిడ నాలుగు లైన్లు నా వెంటపడి వచ్చి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. నేను ఆగలేదు. బిగుతు బూట్లకు ఊపిరి ఉన్నంతసేపు రాగం తీసి, చెయ్యి పైకెత్తి, ముగ్గురికీ మూడు నమస్కారాలు పెట్టాను.

“నేనడిగింది చివరి లైను ఒక్కటే, కాస్త మెల్లగా పాడమని” అంది ఆవిడ. “ఆ చివర లాగావే, అది నొటేషన్‌లో ఉందా?”

“లేదండీ.”

ఆవిడ తల వంచుకుని చాలాసేపు రాసింది. నా పాఠాలకు అదే ఆఖరనుకున్నాను.

వారానికి మెయిల్ వచ్చింది. కోరస్‌లో చోటు, మూడో వరుస. అందరూ ఆపినప్పుడు నేనూ ఆపాలన్నది షరతు. ఫోన్ చేసి చెబితే అంకుల్ అదేమీ పట్టించుకోలేదు. “వన్స్ మోర్ అన్నారా, లేదా?” అని మాత్రం అడిగారు. అన్నారన్నాను.

మొన్న ఆ షీట్ మళ్లీ తెరిచాను. అన్ని గడులు గీసుకున్న ఆ కుర్రాడు “ఆపమంటే ఆపగలనా” అన్న గడి ఒక్కటి మరిచిపోయాడు. ఇప్పుడు నేను అందరితో పాటే ఆపుతున్నాను, అప్పుడప్పుడు కొంచెం బాధగా. పెద్ద వేషాల కోసం తర్వాత మరో నాలుగు ఆడిషన్లు ఇచ్చాను. మొత్తం ఆడిషన్లు ఏడు. వన్స్ మోర్‌లు ఒకటి.